ఒకే రంగు జాకెట్లు

మే 9

అమ్మమ్మకి,

మోకాళ్ళు నీ మాట వింటున్నాయా? వినవని తెలుసు. ఈ లోకంలో నీకు ఎదురు తిరిగేవి ఆ రెండే మిగిలాయి. వాటి ధైర్యానికి నా తరఫున ఒక దండం పెట్టు.

కొండబసకి చేరుకున్నాం. బస అంటే కొండెక్కేవాళ్ళు రాత్రికి తలదాచుకునే రాతి ఇల్లు. నేను వంటింట్లో, నీ మనవడు, అదే మన బుంగ బావ, తాళ్ళ గదిలో. ఈ ఎండాకాలం గట్టెక్కితే వాడు అసలు సిసలు గైడైపోతాడట. ఇప్పటినుంచే ఛాతీ ముందుకొచ్చింది. ‘బావా’ అంటే పలకడు, ‘గైడుగారూ’ అంటే పలుకుతాడు. ఫోను మాత్రం ఎలా పిలిచినా పలకదు. కింద రోడ్డు దగ్గర్నుంచి తీగ మీద సరుకుల తొట్టి ఒకటి పైకి వస్తుంది. ఉత్తరాలూ అందులోనే, ఉల్లిపాయల వాసనతో. నీ ఉత్తరానికి ఏడుపొస్తే ఉల్లిపాయల మీదికి నెట్టెయ్యొచ్చు.

ఇక్కడో పద్ధతి ఉంది, నీకు నచ్చుతుంది. ప్రతి మనిషికీ అలమరలో ఒక రేకు గ్లాసు. పొద్దున పైకి పోయేవాళ్ళు దాన్ని బోర్లించి పోవాలి. దిగేటప్పుడు మంచువాలు, అంటే మంచు కప్పిన ఏటవాలు, దాటుతూ మా వంటింటి కిటికీలోంచి కనిపిస్తారు. కనిపించినవాళ్ళ గ్లాసు తిప్పి నిలబెట్టి, టీకి నీళ్ళు పెట్టాలి. అది నా పని. కొందరు బసకి రాకుండా పడమటి దారిన తిన్నగా రోడ్డుకి దిగిపోతారు, ఆ దారి కూడా కిటికీలోంచి కనిపిస్తుంది, వాళ్ళ వాటా టీ నేనే తాగుతాను.

ఇక అసలు సంగతి. నా పాత జాకెట్ సంచి పట్టీలు రాసుకుని భుజాల దగ్గర జల్లెడైంది. బావది మామయ్య వాడి వదిలేసింది, దాని గురించి రాయడం మామయ్యకి అవమానం. ఎండాకాలంలో జాకెట్ ఏమిటంటావేమో. బస పెద్దాయన ఏమంటాడో విను: “చలికాలం వచ్చేవాడు భయపడుతూ వస్తాడు, బతికిపోతాడు. ఎండాకాలం వచ్చేవాడు చొక్కాతో వస్తాడు. మధ్యాహ్నం వాన, సాయంత్రం గాలి, అంతే.”

కాబట్టి మా ఇద్దరికీ చెరొకటి చూసి పంపు. తేలిగ్గా ఉండాలి, మడిస్తే సంచిలో ఓ మూల ఇమిడిపోవాలి, నీళ్ళు లోపలికి రాకూడదు, హెల్మెట్ మీదనుంచి టోపీ రావాలి. నాకు బూడిద రంగు, బావకి నీలం. రంగులు వేరువేరుగా ఉండాలి సుమా.

నీ మాట వినే
మిరియం

*

మే 18

మిరియానికి,

దండం పెట్టాను. ఒక మోకాలు కలుక్కుమంది, రెండోది అది కూడా అనలేదు.

నీ ఉత్తరం పట్టుకుని కొండలెక్కేవాళ్ళ దుకాణానికి పోయాను. అమ్మే పిల్ల నన్ను నెత్తినుంచి కాలిదాకా చూసి, “మీకేనా మామ్మగారూ?” అంది. “నాకే. వచ్చే వారం శిఖరం” అన్నాను. పాపం, నమ్మి కాలి కొలత అడిగింది.

మూడు రకాలు చూపించింది. మొదటిది ఉల్లిపొరలా ఉంది, రెండు వేళ్ళతో ఎత్తాను. చీటీ మీద ‘నీటిని తట్టుకుంటుంది’ అని రాసుంది. ఆసుపత్రి మందుల గదిలో ఉద్యోగం వెలగబెట్టినదాన్ని, చీటీ మీది మాట నమ్మే ముందు చీటీ మీద లేని మాట వెతుకుతాను. ‘నీళ్ళు చొరబడవు’ అని ఎందుకు రాయలేదమ్మా అని అడిగాను. రెండూ ఒకటేనంది. కావమ్మా, తట్టుకోవడమంటే కోడలు అత్తని తట్టుకున్నట్టు. ఎంతసేపన్నది ఎవరూ చెప్పరు.

రెండోది నేల మీద పెడితే తనంతట తానే నిలబడింది. అంత ఆత్మాభిమానం ఉన్న బట్ట ఎండాకాలానికి పనికిరాదు. బరువని సంచి అడుగున తోస్తారు, వాన వచ్చినప్పుడు అది అడుగునే ఉంటుంది, మనిషి తడుస్తుంటాడు. మందు కూడా అంతే. చేదుగా ఉన్నది సీసాలో మిగులుతుంది, రోగం ఒంట్లో మిగులుతుంది.

మూడోది కుదిరింది. తన జేబులోకి తానే మడుచుకుపోయి గుప్పెడంత అవుతుంది. కుట్లన్నిటి మీదా లోపలినుంచి పట్టీలు అతికించారు, లేకపోతే సూది పొడిచిన ప్రతి చోటా నీళ్ళకి గుమ్మం పెట్టినట్టే. చంకల కింద జిప్పులున్నాయి. లోపలి చెమట బయటికి పోతుందట, బయటి వాన లోపలికి రాదట. ఇంత తెలివైన తలుపు మన ఇంటికుంటే నాకు చుట్టాల బెడద ఉండేది కాదు. హెల్మెట్ తెప్పించి నెత్తిన పెట్టుకుని, టోపీ లాగి చూశాను. అటూ ఇటూ తల తిప్పితే టోపీ కూడా తిరిగింది. కొన్నింటిలో మనం తిరుగుతాం, టోపీ తిరగదు, కుడివైపు చూద్దామంటే టోపీ లోపలి గుడ్డ కనిపిస్తుంది.

ఇంటికి తెచ్చి, అది తొడుక్కుని, స్నానాల గదిలో ప్లాస్టిక్ ముక్కాలిపీట మీద షవరు కింద కూర్చున్నాను. సరిగ్గా అప్పుడే పై వాటాలోంచి మీ అత్తయ్య దిగివచ్చింది.

“అత్తయ్యా! ఏమిటిది?”

“కొండెక్కుతున్నా.”

“తువ్వాలు తేనా?”

“లోపల తడిస్తే తే.”

తడవలేదు. ఆవిడ షవరు కట్టేసి, “మావాడికి కూడా మీరే చూడండి అత్తయ్యా, ఇవన్నీ మీకు తెలిసినట్టు నాకు తెలియదు” అని పైకి పోయింది. అత్త మీద కోడలికి ఇంత నమ్మకం కుదరడం వెనక చాలా ఏళ్ళ కష్టం ఉంది, ఎక్కువ భాగం ఆవిడదే.

రంగు సంగతి. బూడిద రంగు వేసుకుని రాళ్ళలో పడితే నువ్వో రాయివి. నీలం పొగమంచులో కలిసిపోతుంది. నారింజ రంగు తీశాను, ఇద్దరికీ అదే. మీ అమ్మానాన్నలు ఉద్యోగాల వెంట ఊళ్ళు పట్టుకు తిరుగుతున్న రోజుల్లో నువ్వు నా దగ్గర, వాడు పై వాటాలో ఉండి కూడా నా దగ్గరే. ఒకసారి నీకు పూలది, వాడికి గళ్ళది తెచ్చి అనుభవించాను. వాడు బుంగమూతి పెట్టుకుని మెట్ల కింద దూరాడు, నువ్వు పూలన్నీ కత్తిరించి వాడికి పంచబోయావు. బట్ట మిగల్లేదు, మూతీ దిగలేదు. అప్పటినుంచి మీకు ఏం కొన్నా ఒకే తాను గుడ్డ. ఇప్పుడు మార్చే ఓపిక నాకు లేదు.

ఇద్దరూ వెళ్ళారు, ఇద్దరూ రండి. నాకు వేరే కోరికల్లేవు, ఉన్నవాటిని డాక్టరు మానెయ్యమన్నాడు.

షవరు కింద తడవని
అమ్మమ్మ

*

జూన్ 4

అమ్మమ్మకి,

జాకెట్లు వచ్చాయి. నువ్వు షవరు కింద కూర్చున్న సంగతి బస మొత్తానికీ చదివి వినిపించాను. పెద్దాయన నవ్వడం ఇదే మొదటిసారి చూడ్డం, ముందు దగ్గనుకున్నాం.

తేలికంటే ఎంత తేలికో. వేసుకున్నామో లేదో చేత్తో తడిమి చూసుకోవాలి. నిన్న వానలో నీళ్ళ తొట్టి దాకా పోయి వచ్చాను, ఒక్క చుక్క లేదు.

ఒక్కటే మాట. కోప్పడకు. వాటిలో ఒకటి మార్చి నీలంది పంపగలవా? ఇద్దరం ఒకే రంగులో తిరుగుతుంటే బడి యూనిఫాంలో వచ్చారా అని ఇక్కడ అందరూ నవ్వుతున్నారు. నాదే వెనక్కి పంపుతాను, ఇంకా పైకి వేసుకెళ్ళలేదు. వీలైతేనే. కానీ వీలు చూడు.

మిరియం

నాయనమ్మా, కింద జాగా ఉంటే రాస్తున్నాను. నాకు నచ్చింది. మిరియం మాట వినకు. ఇద్దరివీ ఒకటే ఉండనీ. — బుంగ (గైడు)

*

జూన్ 12

మిరియానికి,

నవ్వేవాళ్ళని నవ్వనీ, పళ్ళకి గాలి తగులుతుంది.

నీకు రంగు నచ్చలేదు. ఆ మాట సూటిగా రాస్తే నా అభిమానం ఒక పూట నొచ్చుకుని ఊరుకునేది. లోకం నవ్వుతోందని డొంకతిరుగుడుగా రాశావు. మీ అమ్మకీ ఇదే జబ్బు, కూర బాగాలేదనడానికి బదులు ఆకలి లేదంటుంది. నువ్వు బుంగని అడ్డం పెట్టుకుందామంటే వాడు కిందనే గుట్టు రట్టు చేశాడు. ఎప్పుడూ మూతి ముడిచేది వాడు, ఈసారి నువ్వు. వయసు పెరిగాక వంతులు మారాయన్నమాట.

దుకాణం వాళ్ళు తీసుకోరు. అడిగి చూశాను, నువ్వనుకుంటున్నంత మొండిదాన్ని కాను. నీకు పంపినది నేను షవరు కింద తడిపినదేనని నోరు జారాను, తడిపినది వెనక్కి తీసుకోరట. ఆ పిల్ల, “శిఖరం ఎలా ఉంది మామ్మగారూ?” అని అడిగింది. జారుడుగా ఉందన్నాను.

కొండ మీద అందంగా కనపడాలన్న కోరిక నీ వయసుకి తప్పు కాదు. కానీ కనపడాలి, అదీ ముఖ్యం. నారింజ రంగు కనిపించినట్టు ఇంకేదీ కనపడదు. ఇక ఈ రంగుల పేచీ ఇక్కడితో చాలు.

మీ అత్తయ్య రోజూ వార్తల్లో వాతావరణం చూసి, కొండల మీద మబ్బు బొమ్మ వేస్తే టీవీ కట్టేస్తోంది. టీవీ కడితే వాన ఆగుతుందని ఆవిడ లెక్క. నేను నవ్వుతాను. పై వాటాలో టీవీ ఆగిందంటే మాత్రం వెళ్ళి నా కిటికీలోంచి చూస్తాను.

పేచీ ముగించిన
అమ్మమ్మ

*

జూన్ 30

అమ్మమ్మకి,

సరే. రంగు మాట ఇక ఎత్తను.

వానలు మొదలయ్యాయి. పొద్దున ఎండ కళ్ళు పొడుస్తుంది, మధ్యాహ్నానికి కొండ కనపడదు. బావ మొన్న ఒక జట్టుని తనంతట తాను శిఖరం దాకా తీసుకెళ్ళి దించాడు. దిగాక కాళ్ళు వణికాయట, నాకు మాత్రమే చెప్పాడు. నేను నీకు మాత్రమే చెబుతున్నాను, నువ్వు అత్తయ్యకి చెప్పకు.

నేను వంటింట్లోనే ఎక్కువ. నా జాకెట్ మాత్రం నాకంటే ఎక్కువ కొండెక్కుతోంది. ఇక్కడికి వచ్చేవాళ్ళ వానకోట్లు చూస్తే నీకు నవ్వాగదు, ఒకాయన బల్ల మీద పరిచే ప్లాస్టిక్ గుడ్డకి కంత పెట్టి తొడుక్కొచ్చాడు. చూస్తూ ఎలా పంపను? నాది ఇచ్చాను. తెచ్చిచ్చాడు. అలా ఇద్దరు ముగ్గురికి. నీ ఎంపికకి కొండ మీద మంచి పేరొచ్చింది.

మిరియం

*

జూలై 7

మిరియానికి,

మంచి పేరు నాకెందుకు, జాకెట్ నీ ఒంటి మీద ఉంటే చాలు. పళ్ళు తోముకునే బ్రష్షూ, కళ్ళజోడూ, వానకోటూ అరువిచ్చే వస్తువులు కావు. ఊళ్ళోవాళ్ళ చెమటంతా పట్టించి దాన్ని పాడు చెయ్యకు. నీకు ఎవరికైనా ఏదైనా ఇవ్వకపోతే తోచదు. పూల గుడ్డ కత్తిరించినప్పుడే అర్థమైంది.

వాడి కాళ్ళు వణికిన సంగతి ఎవరికీ చెప్పలేదు. మంచి గుర్తే అది. వణకని కాళ్ళని నమ్మకూడదు.

కళ్ళజోడు మారింది, అక్షరాలు పెద్దగా పడుతున్నాయి, అరుస్తున్నాననుకోకు.

అమ్మమ్మ

*

జూలై 27

మిరియానికి,

అన్నీ అయిపోయాయి. వచ్చినవాళ్ళు వెళ్ళిపోయారు. మీ అమ్మ నిన్నటిదాకా ఉండి ఉద్యోగానికి పోయింది. మీ మామయ్య ఆఫీసుకి పోతున్నాడు, అక్కడ ఏం చేస్తున్నాడో ఆఫీసుకే తెలియాలి.

వాణ్ణి తెచ్చిన బండిలో నువ్వుంటావనుకున్నాను. రోడ్డు దాకా వచ్చి, బండెక్కకుండా మళ్ళీ పైకి పోయావని డ్రైవరు చెప్పాడు. మీ అత్తయ్య వింది. ఆవిడ ఇప్పుడు ఎవర్నీ ఏమీ అనడం లేదు, అదే భరించలేకుండా ఉంది. ఒక్క నన్ను మాత్రం ఒక మాటంది. అందరూ వెళ్ళాక నా గుమ్మంలో నిలబడి, “మీరే చూశారు కదా అత్తయ్యా, తడవలేదన్నారు” అంది.

వాడి సామాను సంచి పై వాటాలోనే ఉంది, కట్టు విప్పలేదు. జాకెట్ అందులోనే ఉందట. విప్పమని అడిగే ముఖం నాకు లేదు.

మాకు ఫోనులో చెప్పింది ఇంతే: జారి పడ్డాడు, కాలు విరిగింది, వాన, చలికి ప్రాణం పోయింది. కాలు విరిగితే మనిషి పోడు. చలికి పోయాడంటే తడిశాడన్నమాటే. తడిశాడంటే నేను కొన్న బట్ట తడిసింది. తేలిక తేలిక అని కొన్నాను. నిలబడిన జాకెట్ ఒకటి ఉంది, గుర్తుందా, దాన్ని ఎగతాళి చేశాను. షవరు కింద ముసలిది ఒకతె కాసేపు కూర్చుంటే పరీక్ష అయిపోయిందా? కొండ మీద రాత్రంతా వాన ఎలా ఉంటుందో నాకేం తెలుసు? చీటీ చదవడం వచ్చు, అంతే.

ఒక్క సంగతి రాయి. అది లోపల తడిసిందా లేదా? నా వయసు చూసి మెత్తగా రాయకు. నువ్వు రాసింది రాసినట్టు మీ అత్తయ్యకి చెబుతాను. ఎందుకు పోయాడో తెలియకుండా ఆ ఇంట్లో ఆవిడ ఇంకెన్నాళ్ళు అటూ ఇటూ నడుస్తుంది? నడక నాకు కింద వినిపిస్తూనే ఉంటుంది.

అమ్మమ్మ

*

ఆగస్టు 3

అమ్మమ్మకి,

తడవలేదు.

నేనే జిప్పు తీశాను. లోపల చొక్కా పొడిగా ఉంది. నువ్వు కొన్నది చెయ్యవలసిన పని చేసింది, వాడు తెల్లవారేదాకా ఉన్నాడంటే దానివల్లే. చలి నేలలోంచి వచ్చింది, తడి రాయిలోంచి, కాళ్ళలోంచి. కింది ఊరి డాక్టరు చూసి, “సాయంత్రమే చేరి ఉంటే దక్కేవాడు” అన్నాడు.

సాయంత్రం ఎందుకు చేరలేదో రాస్తాను. మెత్తగా రాయొద్దన్నావు.

కిటికీలోంచి ఎవరి ముఖమూ కనపడదు అమ్మమ్మా. మంచువాలు చాలా దూరం. మేము మనుషుల్ని జాకెట్ రంగుతోనే గుర్తుపడతాం. ఎర్రది ఫలానా, పచ్చది ఫలానా. రంగు కనపడితే గ్లాసు తిప్పుతాం. అందుకే ఒక బసలో పనిచేసే ఇద్దరు ఒకే రంగు వేసుకోకూడదని పెద్దాయన మొదటి రోజే చెప్పాడు. అందుకే నీలం అడిగాను. అది నీకు రాయలేదు. మనుషులు తప్పిపోతారని, లెక్క చూసుకోవాలని రాస్తే నీకు నిద్ర పట్టదని, నవ్వుతున్నారని రాశాను. ఎవరూ నవ్వలేదు.

మార్చడం కుదరదని నువ్వు రాశాక బావ చేతికి నీలం గుడ్డ పేలిక కట్టాం. తాళ్ళలో చిక్కుకుంటోందని విప్పేశాడు. “నువ్వు వంటింట్లో, నేను కొండ మీద. పైన నారింజ రంగు ఒక్కటేగా, నేనే” అన్నాడు. నిజమే కదా అనుకున్నాం.

ఆ రోజు పొద్దున ఒక రిటైరైన మాస్టారు అంచు దాకా పోయి లోయ చూసి వస్తానన్నారు. సన్నటి కోటు వేసుకున్నారు. నాది ఇచ్చాను. బావ అప్పటికే జట్టుని తీసుకుని పైకి పోయాడు. మధ్యాహ్నం జట్టు దిగివచ్చింది. వాన వచ్చేలా ఉందని, కట్టిన తాళ్ళు విప్పడానికి తను పైనే ఉండి, అవి విప్పాక పడమటి దారిన రోడ్డుకి దిగి కొత్త జట్టుని కలుస్తానని చెప్పి పంపాడట.

సాయంత్రం పొగమంచు కాస్త విడిచింది. పడమటి దారిన నారింజ రంగు దిగుతూ కనిపించింది. మాస్టారు బసకే తిరిగి వస్తానన్నారు కదా, నాది ఇచ్చిన సంగతే తలపుకి రాలేదు. “అదిగో బావ” అన్నాను. పెద్దాయన, “గట్టిగా చూశావా?” అని అడిగాడు. “మా బావ నాకు తెలియదా?” అన్నాను. గ్లాసు తిప్పాను.

వాన ఎక్కువయ్యేసరికి మాస్టారు తిన్నగా రోడ్డుకి దిగిపోయారు అమ్మమ్మా, జాకెట్ తర్వాత పంపొచ్చులే అని. నేను చూసింది ఆయన్ని.

ఆయన గ్లాసు బోర్లించే ఉంది. అందరం ఆయన్ని వెతకడానికి అంచు వైపు పోయాం. దీపాలు పట్టుకుని, “మాస్టారూ, మాస్టారూ” అని అరుస్తూ, చీకటి పడ్డాక కూడా. బావ ఇటువైపు ఉన్నాడు, బసకి పైన, మంచువాలు మొదట్లో. సాయం కోసం ఊదే ఈల నోట్లోనే ఉంది. మా అరుపుల్లో వినపడలేదో, గాలి అటు కొట్టిందో. రోడ్డు దగ్గరివాళ్ళు బావ సాయంత్రం పనులు చూసుకుని పొద్దున వస్తాడనుకున్నారట. వానకి రాత్రంతా పలకని రేడియోలో తెల్లవారాక వాళ్ళు పిలిచి, “మీ గైడు ఇంకా దిగలేదేం?” అన్నారు.

మాస్టారు జాకెట్ ఉతికి, మడిచి, ‘చాలా ఉపకారం చేశావు తల్లీ’ అని చీటీ పెట్టి తొట్టిలో పంపారు. అప్పటికి ఆయనకి ఏమీ తెలియదు. ఇప్పుడు తెలిసింది. ఆయన తప్పేం లేదు.

బండెక్కలేదంటే అందుకు. అత్తయ్య ముందు నిలబడి ఏం చెప్పను? పెద్దాయన నన్ను పొమ్మనలేదు. కిటికీ దగ్గరి పని మాత్రం ఇంకొకరికి ఇచ్చాడు. గిన్నెలు కడుగుతున్నాను. నేను కిందికి రాను అమ్మమ్మా. అత్తయ్యకి ఇదంతా చెప్పాలా, జారిపడ్డాడనే ఉండనివ్వాలా, నువ్వే తేల్చు. నువ్వు ఎలా అంటే అలా.

మిరియం

*

ఆగస్టు 12

మిరియానికి,

నీ ఉత్తరం అందిన పూటే చెప్పాను.

తేల్చమన్నావు, తేల్చడానికి ఏముంది? జారిపడ్డాడనే ఉండనిస్తే ఆవిడ కొడుకు నేను కొన్న బట్టవల్ల పోయాడనుకుంటుంది, నువ్వు పైన గిన్నెలు కడుగుతూ ఉంటావు, నేను మధ్యలో కూర్చుని రెండు వైపులా అబద్ధం పోస్తుండాలి. చేతకాదు. అబద్ధానికి జ్ఞాపకశక్తి కావాలి, నాది అయిపోవచ్చింది.

మెట్లెక్కి పోయాను. మీ అత్తయ్య ఉతికిన బట్టలు మడత పెడుతోంది. నీ ఉత్తరం మొత్తం చదివాను, మొదటి మాటనుంచి. మధ్యలో ఆపలేదు, ఆపితే మళ్ళీ మొదలుపెట్టలేను. ఆవిడ మడత పెడుతూనే ఉంది. ఈల దగ్గర చేతులు ఆగాయి.

ఆ తర్వాత అడిగింది, “దాని కళ్ళకి నా కొడుకు అంతేనా అత్తయ్యా, ఒక రంగా? ఒకే ఇంట్లో పెరిగారు. నడక తెలియదా?”

పొగమంచులో నడక కనపడదమ్మా అనబోయాను. ఆవిడ అడిగింది జవాబు కోసం కాదు.

“ఆ మాస్టారు బతికాడుగా” అంది.

“బతికాడు.”

“మంచిది” అంది. ఆ మాట ఎంత కష్టపడి అందో చూశాను. అని, తలుపు దగ్గరికి నడిచింది. నన్ను పంపించడానికి. నేను బయటికి వచ్చాక గడియ పెట్టింది. ఇన్నేళ్ళలో నా మీద పగలు గడియ పడటం ఇదే మొదలు. అదయ్యాక ఆవిడ నాతో మాట్లాడలేదు. సంచి మాత్రం విప్పింది. జాకెట్ బాల్కనీ తీగ మీద ఆరేసింది, అది తడిసి లేకపోయినా. తీసి లోపల పెట్టడం లేదు. వాన వస్తే వానలోనే ఉంటోంది.

ఇక నీ సంగతి. నీ తప్పు లేదని రాయను. గట్టిగా చూశావా అని ఆయన అడిగినప్పుడు నువ్వు మళ్ళీ చూడలేదు. ఎందుకు చూడలేదంటే నాకు పుట్టినవాళ్ళకి పుట్టావు కాబట్టి. మనకి తెలుసు అనుకున్నదాన్ని మనం రెండోసారి చూడం. నీలం అడిగితే ఎందుకని నేను ఒక్క మాట వెనక్కి రాయలేదు, నీ మనసులో ఏముందో నాకు తెలుసు కాబట్టి. నువ్వు కారణం రాయలేదు, నా నిద్ర సంగతి నీకు తెలుసు కాబట్టి. వాడు కూడా, నాకు నచ్చింది, మార్చకు అని రాశాడు. నిజంగా నచ్చిందో, మనిద్దరం కొట్టుకుంటామని అలా రాశాడో ఇప్పుడెవరు చెబుతారు? ముగ్గురం ఒకరికొకరం బాధ కలగకుండా చూసుకున్నాం, మహా బాగా చూసుకున్నాం.

నిన్ను క్షమించమని ఆవిడని అడగను. ఆవిడ క్షమిస్తుందని నీకు ఆశ పెట్టను. క్షమించినా క్షమించకపోయినా ఆవిడ నీ అత్తయ్య, ఆవిడకి నువ్వు చెప్పాల్సింది నా నోటితో చెప్పించావు. నేను చదివింది కాగితం. ఆవిడకి తిట్టడానికి ఒక మనిషి కావాలి. కొండ మీద కూర్చుని ఆవిడకి అదీ లేకుండా చేస్తున్నావు. గిన్నెలు ఎవరైనా కడుగుతారు.

కిందికి రా. తొట్టి దిగేటప్పుడు ఉత్తరం పంపకు, నువ్వే దిగు. ముందు నా వాటాలోకి రాకు, తిన్నగా పైకి పోయి తలుపు కొట్టు. తీస్తుందో తియ్యదో నాకు తెలియదు. తియ్యకపోతే మెట్ల మీద కూర్చో. నేనూ వచ్చి కూర్చుంటాను. ఆవిడ చెత్త పారబొయ్యడానికైనా బయటికి రావాలి కదా. వచ్చి ఏమన్నా పడదాం. ఏమీ అనకుండా మనల్ని దాటుకుని పోతే, తిరిగి వచ్చేదాకా కూర్చుందాం.

నా మోకాళ్ళ సంగతి నువ్వు ఎత్తకు. అవి నాతో పాటు వస్తాయి, రాక ఎక్కడికి పోతాయి.

అమ్మమ్మ